లాప్‌టాప్‌లో చిక్కుకుపోయిన పద్యం

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు వీట్‌స్కే తన లాప్‌టాప్‌ను పాత శాలువాలో చుట్టి సైకిల్ బుట్టలో పెట్టుకుంది. ఐసెల్ నది మీంచి కొట్టే ఎదురుగాలిని తిట్టుకుంటూ రిపేర్ కేఫ్‌కి బయలుదేరింది. మామూలు శనివారాల్లో ఆ బుట్టలో కత్తెరలు, దారపు ఉండలు ఉంటాయి. జుట్‌ఫెన్ ఊళ్ళో వాళ్ళ పేట హాల్లో వారం వారం జనం తెచ్చే పాడైన సామాన్లను ఊరికే బాగుచేసి పెట్టే పదిమందిలో ఆవిడ ఒకరు. తెగిన జిప్పులూ చిరిగిన ప్యాంట్లూ ఆవిడ బల్ల మీదికి వస్తాయి. ఇవాళ మాత్రం తన సామానే తను మోసుకుని పోతోంది.

లాప్‌టాప్ పాడైతే అంత కంగారెందుకు, వచ్చేవారం చూసుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. ఇవాళ డిసెంబర్ అయిదు. సాయంత్రం అయిదింటికి అదే హాల్లో ఆ పదిమందీ, ఇళ్ళ కప్పుల మీద గుర్రమెక్కి తిరుగుతూ కానుకలు పంచుతాడని చెప్పే సింట్‌గారి పండుగ చేసుకుంటారు. నెల ముందే చీట్లు తీశారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఓ చిన్న కానుక కొనాలి, ఓ పద్యం రాయాలి. పద్యంలో ఆ మనిషిని ఎడాపెడా ఏడిపించాలి. కింద సంతకం మాత్రం సింట్‌గారిది. రాసిందెవరో చచ్చినా చెప్పకూడదు. చేతిరాతైతే ఇట్టే పట్టేస్తారు కాబట్టి టైపు చేసి అచ్చుతీయాలి. అందుకున్నవాళ్ళు అందరి ముందూ నిలబడి, తమ పరువు తామే తీసుకుంటూ, దాన్ని పైకి చదవాలి.

వీట్‌స్కేకి గెర్బెన్ పేరు వచ్చింది.

గెర్బెన్‌ది పక్క బల్లే. ముప్పై అయిదేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. మూడేళ్ళలో ఆయన మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. కానీ ఆవిడ సూది కిందపడితే చాలు, తన అయస్కాంతం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా గాలిస్తాడు. దొరికిన సూదిని ఆవిడ బల్ల మీద పెట్టి "ఊఁ" అని వెళ్ళిపోతాడు. ఆ "ఊఁ" అంటే వీట్‌స్కేకి ఇష్టం. ఆ మనిషంటే ఇష్టం. అరవై మూడేళ్ళ వయసులో, మొగుడు పోయిన ఏడేళ్ళకు, ఇష్టమని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? సిగ్గల్లా అది ఆయనకి చెప్పడానికే.

అందుకే మూడు వారాలు కూర్చుని పద్యం రాసింది. ముందంతా వేళాకోళం. చివరి నాలుగు పాదాల్లో మాత్రం, ఎవరో ఒకరింట్లో ఆదివారం బఠాణీ సూప్ ఉంటుందనీ, ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ రాసింది. ఆ ఇల్లు ఎవరిదో రాయడానికి ధైర్యం చాల్లేదు. ఆయన "ఎవరింట్లో?" అని అడిగితే చెయ్యెత్తుదాం, అందరూ నవ్వితే తనూ కలిసి నవ్వేద్దాం అనుకుంది. రాత్రి ఆఖరి పాదం ముగించి, మూత వేసి, హాయిగా నిద్రపోయింది. పొద్దున్న తెరిస్తే లాప్‌టాప్ కీచుమంటూ ఒక నల్లటి పేజీ చూపించి మొరాయించింది. మళ్ళీ రాద్దామంటే సగం గుర్తులేదు. ఆ హాల్లో లాప్‌టాప్‌లు చూసేది గెర్బెన్ ఒక్కడే. పోయి పోయి ఆయన చేతిలోనే పెట్టాలి.

గుమ్మంలో టోస్ కాఫీ కూజాతో, ఫారాల కట్టతో కాపలా ఉంది. ఆ హాలుకి పెద్దదిక్కు టోసే.

"ఏమే, నీ బల్ల అటు కదా, జనంలో నిలబడ్డావేం?"

"ఇది తెరుచుకోవడం లేదు."

"అబ్బో, డాక్టరుకే జ్వరమొచ్చిందే. లోపల ఏమున్నాయి?"

"ఫొటోలు."

"ఎవరివి?"

"నీకెందుకు, కాఫీ పొయ్యవే."

టోస్ కాఫీ పోసింది. కప్పుకొక్క బిస్కట్టు చొప్పున ఒక్కటే ఇచ్చి డబ్బా మూత బిగించింది. "వెళ్ళి ఆయన పక్కన కూర్చో. వస్తువు వదిలేసి పోకూడదని నువ్వే కదా రూలు పెట్టించావు."

నిజమే. సామాను తెచ్చినవాళ్ళు బాగయ్యేదాకా పక్కనే కూర్చుని చెయ్యి వెయ్యాలని నిరుడు మీటింగులో బల్ల గుద్ది మరీ ఒప్పించింది వీట్‌స్కేనే. తను తవ్విన గోతిలో తనే పడింది.

గెర్బెన్ శాలువా విప్పి, లాప్‌టాప్ తెరిచి, మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. కీచ్, కీచ్, కీచ్. మళ్ళీ అదే నల్లటి పేజీ.

"కిందపడిందా?"

"లేదు."

"నీళ్ళు గానీ ఒలికాయా?"

"లేదండీ."

"ఆఖర్న దీంట్లో ఏం చేశారు?"

"సరుకుల జాబితా రాసుకున్నా."

"ఊఁ" అన్నాడాయన. చార్జరు పీకేశాడు. అడుగున మరలు విప్పి బ్యాటరీ తీశాడు. మీటని అరనిమిషం నొక్కి పట్టుకోమని ఆవిడకి పురమాయించాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి మరీ నొక్కింది. అన్నీ తిరిగి తగిలించి చూస్తే మళ్ళీ కీచ్, కీచ్, కీచ్.

"రెండు దారులున్నాయి" అన్నాడు గెర్బెన్. ఒక్కసారే అన్ని మాటలు ఆయన నోట రావడం అరుదు. "అంతా తుడిచేసి కొత్తగా పెట్టేయొచ్చు. గంట పని."

"వద్దు" అంది వీట్‌స్కే, పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

"లేదూ, డిస్కు బయటికి తీసి నా మెషిన్‌కి తగిలిస్తే ఉన్నవన్నీ నా తెర మీద కనిపిస్తాయి. ఏం కావాలో చెబితే తీసిస్తాను."

"అదీ వద్దు."

ఆయన కళ్ళజోడు మీంచి ఆవిడ వంక చూశాడు. "సరుకుల జాబితాకా?"

వీట్‌స్కే కాఫీ కప్పులోకి చూసింది. ఒకటి చేస్తే పద్యం పోతుంది, ఇంకోటి చేస్తే పద్యం ఆయన కళ్ళబడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "అందులో కొంచెం సొంత విషయాలున్నాయండీ" అని గొణిగింది.

"ఊఁ" అన్నాడు. మరలు పక్కకి నెట్టేసి, ఏమీ ముట్టుకోకుండా, చేతులు కట్టుకుని ఆ నల్లటి పేజీనే చూస్తూ కూర్చున్నాడు. వీట్‌స్కే కూడా చూసింది. పేజీలో వరుసగా ఏవేవో పేర్లున్నాయి. ఒక తెల్లటి గీత వాటి మీంచి కిందికి జారుతోంది. అట్టడుగుకి చేరగానే మళ్ళీ పైనుంచి మొదలెట్టి జారుతోంది.

"ఎవరో కింది బాణం మీట నొక్కుతున్నారు" అన్నాడాయన. "నేను కాదు. మీరూ కాదు."

"మరి?"

"దీన్ని తెరిచినప్పుడు ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు" అంది వీట్‌స్కే, చదువుకునే పిల్లలా.

గెర్బెన్ పల్చటి ప్లాస్టిక్ ముక్కతో ఆ మీట అంచుని లేపాడు. టిక్కుమని ఊడివచ్చింది. పట్టకారు లోపలికి పెట్టి, ఒక నల్లటి గింజలాంటిదాన్ని నెమ్మదిగా పీకి దీపం కిందికి తెచ్చాడు. వెన్న రాసిన రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకు. లాప్‌టాప్ వేడికి కరిగి, రాత్రి చలికి గట్టిపడి, మీట పైకి లేవకుండా కింద అతుక్కుపోయింది.

రాత్రి గెర్బెన్ అనే పేరుకి ప్రాస కుదరక ఆవిడ ఏకంగా నాలుగు రొట్టె ముక్కలు తినేసింది. ఆ సంగతి ఆ పలుకుకి కూడా తెలుసు. వీట్‌స్కే ముఖం చెవులదాకా ఎర్రబడింది.

గెర్బెన్ నవ్వలేదు. పలుకుని కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాడు. ఫారంలో 'కారణం' అన్న చోట 'మీట కింద దుమ్ము' అని రాశాడు. మీటని తిరిగి అతికించి, అడుగున మరలు బిగించి, "నొక్కండి" అన్నాడు.

ఆవిడ నొక్కింది. కీచు లేదు. తెర మీద వెలుతురొచ్చింది. ఆ మాయదారి యంత్రానికి బుద్ధుండొద్దూ, రాత్రి ఎక్కడ ఆపిందో అక్కడే తెరుచుకుంది. తెర నిండా వేలెడేసి అక్షరాలతో 'గెర్బెన్‌కి, సింట్‌గారు' అని ఉంది.

వీట్‌స్కే ఠపీమని మూత మూసేసింది. గెర్బెన్ అప్పటికే తల వంచుకుని పనిముట్లు డబ్బాలో సర్దుకుంటున్నాడు. చూశాడో లేదో తెలియలేదు. "బాగుంది కదా" అన్నాడు, తలెత్తకుండా. టోస్ గంట కొట్టింది. ఏదైనా బాగైతే గంట కొట్టడం, అందరూ చప్పట్లు చరచడం అక్కడ ఆనవాయితీ. వీట్‌స్కే లాప్‌టాప్‌ని గుండెకి అదుముకుని ఆఫీసు గదిలో ఉన్న ప్రింటర్ దగ్గరికి పరిగెత్తింది. చూడలేదులే, చూసుంటే ఏదో ఒకటి అనేవాడు కదా అని దారిపొడుగునా తనకి తనే నచ్చచెప్పుకుంది.

సాయంత్రం అయిదున్నరకి కానుకల బస్తాలోంచి గెర్బెన్ కానుక వచ్చింది. ఒక జత ఊలు మేజోళ్ళు, ఒక కాగితం. ఆయన లేచి నిలబడ్డాడు. లిఫ్టు బోర్డు చదువుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేకుండా చదివాడు.

"ఊరందరి యంత్రాల గుండెచప్పుడు వింటాడు,
ఇంటికెళ్ళి ఒక్కడే చల్లటి రొట్టె తింటాడు.
ప్రతి మరకూ పేరుంది, ప్రతి తీగకూ లెక్కుంది,
పలకరిస్తే ఆయన దగ్గర 'ఊఁ' ఒక్కటే దక్కుతుంది."

హాలంతా గొల్లుమంది. టోస్ బల్ల మీద కొట్టి మరీ నవ్వింది. గెర్బెన్ నవ్వులు ఆగేదాకా ఆగి, చివరి నాలుగు పాదాలు అందుకున్నాడు.

"ఆదివారం ఒక ఇంట్లో బఠాణీ సూప్ కాస్తారట,
కుండేమో పెద్దదట, తినే నోరు ఒక్కటట.
బల్ల దగ్గర కుర్చీ ఒకటి ఏడేళ్ళుగా ఖాళీ అట,
వస్తావా, 'ఊఁ' అంటావా, నా గుర్రం అడగమందట."

ఈసారి నవ్వు అంతగా రాలేదు. "బాగానే ఉంది గానీ ఇల్లెవరిదో రాయలేదేం? సింట్‌గారికి అడ్రసు మరిచిపోయే వయసొచ్చింది" అంది టోస్. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దుటినుంచీ చెయ్యెత్తుదామనుకున్న వీట్‌స్కే చేతులు రెండూ బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఎత్తితే అందరి ముందూ తేలిపోతుంది. ఎత్తకపోతే మళ్ళీ మూడేళ్ళు సూదులు పారేసుకుంటూ గడపాలి.

ఆయన "ఎవరింట్లో?" అని అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, పొద్దున పలుకు వేసుకున్న జేబులోనే, పెట్టుకున్నాడు. ఆనవాయితీ ప్రకారం కృతజ్ఞతలు పద్యం రాసినవాళ్ళకి కాక పైకప్పు వైపు తలెత్తి సింట్‌గారికి చెప్పాలి. గెర్బెన్ తలెత్తాడు.

"సింట్‌గారికి చాలా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను" అన్నాడు. "రేపు ఆరింటికి వస్తాను. రొట్టె నేను తెస్తాను. ఒక్క మాట. సింట్‌గారు ఇకమీదట లాప్‌టాప్ ముందు కూర్చుని చాక్లెట్ పలుకులు తినకూడదు."

"సింట్‌గారు పలుకులెందుకు తింటారయ్యా" అంది టోస్. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ గెర్బెన్ అన్ని మాటలు మాట్లాడినందుకే అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వెళ్ళి గంట కూడా కొట్టారు.

గెర్బెన్ కూర్చుంటూ బల్లకి అవతలున్న వీట్‌స్కే వైపు చూశాడు. మూడేళ్ళుగా ఆయనకి చెప్పాలని దాచుకున్న మాటలన్నీ ఆవిడకి ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

"ఊఁ" అంది.