బావ కుర్చీ, నా వాగుడుకాయ

బావకు చూపు లేదు. ఆసుపత్రిలో ఫోన్ దగ్గర కూర్చుని డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇవ్వడం ఆయన ఉద్యోగం. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే, కీబోర్డు మీద పని చక్కబెట్టేస్తాడు. మొన్న వాళ్ల ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాంట్లో ఎక్కడికి వెళ్లినా స్క్రీన్ రీడర్ "బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. సోమవారం దీంతో పనిచేసి చూపించకపోతే బావను ఫోన్ దగ్గర్నుంచి తీసి వెనక గదిలో వేస్తామన్నాడు మేనేజరు. జీతం అదేనట. పని మాత్రం ఉండదట.

"నామీద జాలిపడ్డానికి ప్రత్యేకంగా ఓ గది" అన్నాడు బావ. నాకు ఒళ్లు మండింది.

నేను ప్రోగ్రామర్ని. స్క్రీన్ రీడర్‌కు తెలియని సంగతులు నేర్పే చిన్న ప్రోగ్రాం ఒకటి, యాడ్-ఆన్ అంటారు, అది రాసి తగిలిస్తే ఈ చిక్కు తీరుతుంది. సెలవు పెట్టి అక్కావాళ్లింట్లో మకాం వేశాను. ప్రతి బటన్‌కూ పేరు చెప్పించాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? రోగి వయసు, డాక్టరు, గది, ఖాళీ వేళలు, తెర మీద ఏది మారినా దానంతటదే చదివేలా చేశాను.

శనివారం పరీక్ష. అక్క వంటింట్లోంచి రోగిలా ఫోన్ చేసింది. బావకు ఒక చెవిలో అక్క, రెండో చెవిలో నా యాడ్-ఆన్. "ఏ డాక్టరన్నారు?" అని మళ్లీ మళ్లీ అడిగి, చివరికి హెడ్‌సెట్ తీసేశాడు.

"మరదలు పిల్లా, అచ్చం నీలాంటి వాగుడుకాయనే తయారుచేశావు. అవతలి మనిషి నోరు తెరిస్తే చాలు, ఇదీ అందుకుంటోంది."

"తెర మీద ఉన్నదంతా నీకు తెలియొద్దా బావా?"

"అడిగినప్పుడు తెలిస్తే చాలు. తెర ఆపేసి నువ్వు కూర్చో, తెలుస్తుంది."

మూతి ముడుచుకునే హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. యాడ్-ఆన్ గోలలో అక్క ఈసారి కడుపునొప్పి అన్నదో కాలునొప్పి అన్నదో నాకు అంతుపట్టలేదు. ఇన్నాళ్లూ తెర చూస్తూ సరిచూసుకున్నానే గాని, చెవులతో పని చేసి చూడలేదు. దానంతటదే చదివేలా ముచ్చటపడి రాసిందంతా పీకిపారేశాను. ఇప్పుడు మీట నొక్కితేనే అది పలుకుతుంది.

సోమవారం బావ పక్కన నేను, వెనక మేనేజరు. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టించాడు. మొదటి ఫోన్ ఒక పెద్దావిడది. మోకాలి నొప్పి ఎలా మొదలైందో, ఇంట్లో ఎవరూ ఎలా పట్టించుకోవట్లేదో తీరిగ్గా చెప్పుకొస్తోంది. యాడ్-ఆన్ మూగనోము పట్టింది.

"అదేమీ మాట్లాడదేంటి? పనిచెయ్యట్లేదా?" అన్నాడు మేనేజరు.

బావ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "ఆవిడ మాట్లాడుతోంది కదండీ" అన్నాడు.

ఆవిడ చెప్పడం అయ్యాక మీట నొక్కాడు. "ఎముకల డాక్టరు, పదకొండు గంటలు, ఖాళీ" అంది స్పీకరు. ఇంకో మీటతో అపాయింట్‌మెంట్ ఖాయమైపోయింది.

మేనేజరు తెర మీదికి వంగి ఆ అపాయింట్‌మెంట్ చూసుకున్నాడు. తర్వాత, "మీరు ఈ కుర్చీలోనే ఉండండి" అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాను.

"వాగుడుకాయా, ఫోన్ మోగుతోంది" అన్నాడు.

నోరు మూసుకున్నాను.