గురువారం సెమినార్

కౌసర్ బెంచీ మీది ఎలుక పెంటికలను అట్టముక్కతో కిందికి నెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రతి గురువారం పొద్దున్నే ఆమె మొదటి పని ఇదే. తెనాలిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆ గది ఒకప్పుడు కెమిస్ట్రీ స్టోరు. పగిలిన సీసాలు తీసేసి ఏళ్ళయినా గోడలు ఇంకా కుళ్ళిన గుడ్ల కంపు కొడుతూనే ఉన్నాయి. చరిత్ర, సాహిత్యం కలిపి చెప్పే చిన్న సెమినార్‌కు కాలేజీ ఇచ్చిన చోటు అదే. పిల్లలు ఆరుగురు.

ఆమెకు యాభై దాటాయి. సన్నటి మనిషి. నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. అవి కనపడకుండా కుచ్చిళ్ళు నేలకు ఆనేలా చీర కడుతుంది. రేపల్లెలో దర్జీ కూతురు; ఇప్పటికీ అక్కడే అన్నావదినల దగ్గర ఉంటూ రోజూ బండిలో వచ్చిపోతుంది. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. తెలుగు ఎమ్మే చేసి ఇక్కడికి ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు "మీకు తెలుగు వచ్చా అమ్మా?" అని అడిగి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల మరీ ఎక్కువ చదివిందన్నారు. అవునండి అంది. పర్మనెంటు పోస్టు పడినప్పుడల్లా ఈసారికి ఓపిక పట్టమన్నారు. సరేనండి అంది. ఆ మాటలు నోట్లో పాచిలా పేరుకుపోయాయి.

ఈ సెమినార్ ఒక్కటే ఆమె అడిగి తెచ్చుకున్నది. జరిగిన సంగతి మీద సర్కారు రాసిన రిపోర్టునూ, దాన్ని అనుభవించినవాళ్ళు పాడుకున్న పాటనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదానిలో ఉన్నది రెండోదానిలో ఎందుకు లేదో పిల్లలే చెప్పాలి. చరిత్ర వైపు వైస్ ప్రిన్సిపాల్ సుబ్బారావు గారు చూసుకోవాలి. ఆయన మొదట్లో వచ్చి, స్థలాల బేరాలు ఫోన్లో మాట్లాడుకుని, తర్వాత రావడమే మానేశారు.

ఈ ఏడాది ఆ ఆరుగురిలో దానమ్మ డెబ్భై ఏడు ఉప్పెన మీద రాసింది. రేపల్లె అవతల, సముద్రం వైపు పల్లె ఆ పిల్లది. ఆ ఉప్పెనలో వాళ్ళ అమ్మమ్మ చంటిబిడ్డ కొట్టుకుపోయింది. నీళ్ళు తీశాక ఉయ్యాల కట్టిన చీర మాత్రం తుమ్మచెట్టుకు చిక్కి కనిపించిందట. "ఉయ్యాల చీరా, ఊగినదాన్ని ఎక్కడ దించావే" అని ఆ ముసలామె ఇప్పటికీ పాడుకుంటుంది. రిపోర్టులో చచ్చిన పశువుల లెక్క ఉంది, ఈ చీర లేదు అని దానమ్మ చదివిన రోజు కౌసర్ ఇక పాఠం చెప్పలేకపోయింది.

సుబ్బారావు అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ లోపలికి వచ్చారు. వెనకాల టైలు కట్టుకున్న కంప్యూటర్స్ పిల్లలు.

"మేడమ్, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు మన సెమినార్ చూస్తారంట. వీళ్ళు కూర్చుంటారు."

"మా పిల్లలండి?"

"మీ పిల్లలు అడిగినదానికి టకటకా చెప్పలేరు కదండి. ఇవాళ్టికి సెలవిచ్చేశాను. దానమ్మ పేపరు ఈ చందనకిచ్చాను. బాగా చదువుద్ది."

ఆయన అగ్గిపుల్ల కొసకు అంటుకున్నదాన్ని ఒకసారి చూసుకుని గోడకు రాశారు. కౌసర్ ఆ గోడ మీంచి చూపు తిప్పుకుంది. "సరేనండి" అంది.

గదిలో గులాబీ స్ప్రే కొట్టారు. పాత కంపు మీద ఆ తీపి వాసన పడేసరికి గది మరింత రోతపుట్టించింది. బృందం వచ్చింది. అందులో పెద్దాయన ముందు కుర్చీలో కూర్చుని, ఎదుట పెట్టిన మిర్చిబజ్జీ కొరికాడు. గడ్డం మీదికి నూనె కారింది.

తలుపు తోసుకుని టీ ట్రేతో వచ్చింది దానమ్మే. అటెండర్ సమయానికి లేడని, గేటు దాటబోతున్న పిల్లను పిలిచి సుబ్బారావు ట్రే చేతికిచ్చారు.

చందన చదవడం మొదలుపెట్టింది. నిజంగానే బాగా చదివింది. ఉయ్యాల చీర దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఫోటో తీస్తుంటే తలెత్తి నవ్వింది.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నాడు పెద్దాయన నములుతూ.

"మా అమ్మమ్మండి."

ట్రేలో కప్పులు గలగలలాడాయి.

"అయితే మీదే ఊరు?"

చందనది తెనాలి పక్కన సంగం జాగర్లమూడి. అక్కడికి ఏ సముద్రమూ రాలేదు. ఆ పిల్ల బిక్కమొహంతో కౌసర్ వైపు చూసింది. సుబ్బారావు చూశారు. దానమ్మ కూడా చూసింది.

"రేపల్లె దగ్గరండి" అంది కౌసర్.

అందరూ చప్పట్లు కొట్టారు. దానమ్మ ట్రే నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. కౌసర్ కాలేజీ వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి ఉమ్మింది, పుక్కిలించింది, మళ్ళీ ఉమ్మింది. చివరికి కొంగుతో నాలుక రుద్దుకుంది.

సాయంత్రం తెనాలి స్టేషన్లో ఆ పెద్దాయన విజయవాడ బండి కోసం కూర్చుని ఉన్నాడు. కాస్త దూరంలో దానమ్మ రేపల్లె బండి కోసం నిలబడింది. కౌసర్ నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"సార్, ఆ పాట చందన వాళ్ళ అమ్మమ్మది కాదండి. టీ తెచ్చిందే, ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మది. పేపరూ ఆమే రాసింది. నేను అబద్ధం చెప్పాను."

ఆయన కాలేజీవాళ్ళు ఇచ్చిన స్వీట్ల పెట్టె విప్పుతున్నాడు. "తెలుసులేమ్మా. కప్పులు గలగలలాడినప్పుడే తెలిసింది. ఎక్కడికెళ్ళినా ఇదే తంతు. మంచి మార్కులే వేశాం, మీరేం కంగారుపడకండి. తీసుకోండి."

నెయ్యి అంటిన వేళ్ళతో పెట్టె ముందుకు జరిపాడు. ఆ వేళ్ళ వంక చూసి కౌసర్ వెనక్కి తిరిగింది. దానమ్మ అంతా విన్నది.

బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వేమూరు దాటాక దానమ్మ తలెత్తింది.

"నన్ను చూసి కూడా రేపల్లె అన్నారండి."

"అన్నాను."

"ఎందుకు మేడమ్?"

"అలవాటమ్మా."

దానమ్మ కిటికీలోంచి పొలాల వైపు చూసింది. "నేనింక రానండి. బాపట్లలో మా పిన్నుంది. అక్కడ చేరతా."

కౌసర్ ముందుకు వంగింది. "ఒకసారి మీ ఊరు రానా? మీ అమ్మమ్మకి నేనే చెప్పుకుంటాను, ఇట్లా జరిగిందని."

దానమ్మ గాభరాగా ఇటు తిరిగింది. "వద్దండి! ఆమెకి తెలియనీయకండి. పాడటం మానేస్తది."

రేపల్లెలో దిగి, ఆ పిల్ల వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున వదిన రజియా టిఫిన్ డబ్బా పెట్టి, బండి టైమైందని పిలిచింది. కౌసర్ లేవలేదు. కాసేపటికి సుబ్బారావు ఫోన్ చేశారు.

"వాళ్ళు తెగ మెచ్చుకున్నారు మేడమ్. వచ్చే ఏడు కూడా సెమినార్ మీకే."

"ఆ పాట దానమ్మదని పిల్లలందరి ముందూ చెప్తారా?"

"ఏంటి మేడమ్, ఇంత చిన్నదానికి..."

"నేను రానండి" అంది కౌసర్. ఆయన ఇంకేదో అంటుండగానే ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగినా తియ్యలేదు. ఆ రోజూ వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు.

వారం తిరిగేసరికి ఆ గదిలో పాత కంప్యూటర్లు తెచ్చి పడేశారు. మూలకు నెట్టేసిన కుర్చీలో, వాళ్ళ నాన్న కత్తిరించగా మిగిలిన గుడ్డపేలికలతో కౌసర్ కుట్టుకున్న చిన్న మెత్త ఉండిపోయింది. దాని మధ్యలో ఆమె కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు.