నిర్మాల్యంలో నల్లగింజ

నేను ఒక కారు తాళంచెవిని. మీట నొక్కితే దూరాన ఉన్న కారు కీచుమంటుందే, ఆ రకం. జనం నన్ను రిమోట్ అంటారు.

నా ఒంట్లో ఏముందో ముందే చెప్పేస్తాను. పైకి కనిపించేది నల్లటి ప్లాస్టిక్ డొక్కు, దానికో ఇనప నాలుక. లోపల బొటనవేలంత పచ్చటి రేకు, దాని కింద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ. తలుపులు తెరవడం, మూయడం ఆ రెండింటి పని. ఇవి కాక డొక్కు మూలలో బియ్యపుగింజంత నల్లగింజ ఒకటి ఒదిగి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, మీటా అక్కర్లేదు. నన్ను కారులో పెట్టి తిప్పగానే ఇంజను "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. గింజ తన పేరు చెబుతుంది. చెబితేనే ఇంజను నడుస్తుంది. దొంగలకు చిక్కకుండా చేసిన ఏర్పాటట. నేను "నేను" అంటున్నది ఆ గింజలోంచే. తరవాత నేను చేరిన ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నా భయమంతా అక్కడే పుట్టింది.

ఏ దేశంలో పుట్టానో నాకు గుర్తులేదు. తెల్లటి ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు నన్ను కూర్చారు. నాకు పేరు పెట్టింది మాత్రం ఒక యంత్రం. మనుషులు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి పేరు ఉంగరంతో రాసి, చెవిలో మూడుసార్లు చెబుతారని తరవాత విన్నాను. నాకు అంత వేడుక జరగలేదు.

పుట్టడం కవలగా పుట్టాను. మమ్మల్నిద్దరినీ మొదట కొన్నది రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు. పెళ్ళి పందిట్లో విస్తరి ముందు కూర్చుని కూడా మమ్మల్ని నొక్కేవాడు. బయట కారు కీచుమనేది, పంక్తిలో నలుగురూ తల తిప్పేవారు, ఆయన ఏమీ ఎరగనట్టు పప్పు కలుపుకునేవాడు. ఒకసారి లాంచీలో నిలబడి నా తోడును వేలికి తగిలించి గిరగిరా తిప్పుతున్నాడు. అది జారి గోదావరిలో పడింది. బుడుంగున ఒక్క చప్పుడు. "పోన్లే, ఇంకోటుందిగా!" అని నవ్వాడాయన. ఆ ఇంకోటి నేనే. ఆనాటినుంచి నీళ్ళంటే నాకు వణుకు.

ఆ తరవాత ఆయన కారు అమ్మేస్తే, దానితోపాటు నేను కోనసీమలో ఒక కాలవగట్టు ఊరికి వచ్చాను. ఆ ఇంటి యజమాని నాగభూషణం, సహకార బ్యాంకులో చేసి రిటైరైనవాడు. స్టీరింగ్ పట్టుకుంటే ఆయనకు చెమటలు పోస్తాయి. అందుకని కారు నడపడం ఆయన భార్య మంగతాయారు నేర్చుకుంది, యాభై దాటాక. నేర్చుకోవలసిన అవసరం అలాంటిది. అత్తగారు సుభద్రమ్మగారికి మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారంలో రెండుసార్లు రాజమండ్రి తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తే ఆవిడ ఉంటుంది. లేకపోతే ఒంట్లో నీరు చేరి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మునిగిపోతుంది.

ఆ ఇంట్లో నాకు జరిగినన్ని మర్యాదలు కాంట్రాక్టరుకు కూడా జరిగి ఉండవు. ఆయుధపూజనాడు సరే, ప్రతి శుక్రవారమూ సుభద్రమ్మగారు నన్ను ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ అద్ది, అభిషేకం నీళ్ళు చిలకరించేది. "నన్ను మోస్తున్న బండి తల్లీ ఇది," అనేది. ఆ నీళ్ళు నా మీటల సందుల్లోంచి లోపలికి దిగేవి. ఆవిడ ప్రేమకు నేను లోలోపల తుప్పు పట్టిపోతున్నానని ఎలా చెప్పను?

చివరికి చెప్పాల్సిన పని లేకుండానే తెలిసింది. తలుపు మీట నొక్కితే డిక్కీ తెరుచుకోవడం మొదలైంది. ఇంకో రోజు ఆసుపత్రి ముందు ఎవరూ ముట్టుకోకుండానే కారు కూత పెట్టింది. డొక్కు కూడా చీలింది. నాగభూషణం కొత్త డొక్కు తెప్పించి, బుధవారంనాడు వరండాలో పేపరు పరిచి కూర్చున్నాడు. పంచపాత్రకు ఫోను ఆనించి వీడియో పెట్టాడు. పక్కన పాత టూత్‌బ్రష్షు, తల్లి సూదుల డబ్బాలోంచి తెచ్చిన స్పిరిటు సీసా.

"మొన్న మిక్సీ బాగుచేస్తానని పచ్చడంతా గోడకు కొట్టించారు. దీన్నైనా బతకనివ్వండి," అంది మంగతాయారు.

"నువ్వు చూస్తూండు," అని ఆయన చాకుతో నన్ను రెండుగా విప్పాడు. లోపల కుంకుమ బురదలా గట్టిపడి ఉంది. రేకు అంచులు చిలుం పట్టాయి. "అమ్మా, నువ్వు పోసిన కుంకుమంతా ఇది లోపలే దాచుకుందే!"

"స్వామి దగ్గరిదేగా, ఏం చేస్తుందిరా?" అంది సుభద్రమ్మగారు కుర్చీలోంచి.

ఆయన రేకును స్పిరిటుతో తుడిచాడు, బాగానే తుడిచాడు. దాన్నీ, కొత్త బ్యాటరీనీ, ఇనప నాలుకనూ కొత్త డొక్కులోకి మార్చాడు. వీడియోలో కుర్రవాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "మిగతాదంతా లైకు కొట్టమని సోది," అని ఫోను ఆపేసి, మాధ్యాహ్నికానికి వేళవుతోందని లేచాడు. నేను మాత్రం పాత డొక్కు మూలలో అతుక్కుని ఉండిపోయాను. అరుద్దామంటే నాకు గొంతు లేదు. ఉన్న కూత కాస్తా కొత్త డొక్కుతో వెళ్ళిపోయింది.

కొత్తదాన్ని నొక్కగానే వాకిట్లో కారు కీచుమంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంజను కూడా తిప్పి చూద్దామండీ," అంది మంగతాయారు.

"రాహుకాలం వచ్చేసిందే అమ్మాయ్. కొత్తగా చేసిన వస్తువు, ఇప్పుడు కదపద్దు," అంది అత్తగారు. ఆ తరవాత వాన మొదలైంది. ఇంజను మాట అందరూ మరిచిపోయారు.

నాగభూషణం నన్ను చెత్తబుట్టలో వేయబోయాడు. "పూజలో కూర్చున్నదాన్ని చెత్తలో వేస్తావుట్రా? నిర్మాల్యంలో వెయ్యి, కాలవలో కలుపుదువుగాని," అంది తల్లి. అలా నేను వాడిన నందివర్ధనాల మధ్య, మొన్నటి వ్రతంలో విప్పిన పసుపు తోరాల మధ్య సంచిలో పడ్డాను. కాలవ అన్న మాట వినగానే గోదావరిలో ఆ బుడుంగు మళ్ళీ వినిపించింది.

గురువారం పొద్దున నాగభూషణం ఆ సంచి పట్టుకుని బయల్దేరాడు. తుఫాను వస్తోందని మైకులో చెబుతున్నారు. కాలవ ఒడ్డున పోలీసు ఆపాడు. "మెట్లు దిగకండి పంతులుగారూ, నీళ్ళు పైదాకా వచ్చేశాయి. వంతెనకి కట్టేసి ఇంటికి పొండి." వంతెన కటకటాలకు అప్పటికే బోలెడు సంచులు వేలాడుతున్నాయి. ఊరందరి దేవుళ్ళ పూలూ అక్కడే. నన్నూ అక్కడ కట్టి ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఇంట్లో జరిగింది నేను చూడలేదు. దారిలో వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందట. మర్నాడు తుఫాను తీరం దాటుతుంది, రోడ్లు ఎన్నాళ్ళు మూస్తారో తెలియదు, ఈ మధ్యాహ్నంలోగా వస్తే చేస్తామన్నారట. సుభద్రమ్మగారి పాదాలు అప్పటికే ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంది. ఆవిణ్ణి వెనకసీట్లో దిండ్ల మధ్య కూర్చోబెట్టి మంగతాయారు తాళంచెవి తిప్పింది. ఇంజను ఒక్క క్షణం రగిలి ఆరిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆరిపోయింది. స్టీరింగ్ వెనక మీటర్ల పలకలో తాళంచెవి బొమ్మ ఎర్రగా మిణుకుమంటోంది.

"తలుపుకు తెలిసిన తాళం ఇంజనుకు తెలియకపోవడమేమిటండీ?"

నాగభూషణం వేరే దారి కోసం వెతికాడు. బస్సులు ఆపేశారు. అంబులెన్సుకు ఫోను చేస్తే గోదావరి లంకల్లో చిక్కిన మనుషుల్ని తేవడానికి వెళ్ళాయన్నారు. ఆయన నిన్నటి వీడియో మళ్ళీ పెట్టాడు. గాలివానకు అది కదలదు, ఆగుతుంది, తిరుగుతుంది. చివరికి ఆ కుర్రవాడు నోరు తెరిచాడు. "లాస్టుగా ఒక ముఖ్యమైన విషయం ఫ్రెండ్స్, పాత డొక్కులో ఉన్న నల్లటి చిప్‌ని మర్చిపోవద్దు."

"లాస్టుకి చెబుతాడేమిటే వెధవ!" అన్నాడు నాగభూషణం.

"మీరు లాస్టుదాకా చూడరేమిటండీ! పాతదెక్కడ?"

ఆయన కాలవవైపు చూశాడు. మంగతాయారు కొంగు దోపుకుని అప్పటికే గేటు దాటింది.

వంతెన మీద నా పరిస్థితి చెబుతాను. గాలి ఈడ్చి కొడుతోంది. సంచులన్నీ ఒకదానికొకటి మోదుకుంటున్నాయి. కింద కాలవ రొద. నా పక్క సంచి ముడి జారింది. బుడుంగ్. అవతలది చిరిగింది. బుడుంగ్. నా సంచికీ అడుగున చిరుగు పడింది. నందివర్ధనాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. నేనూ జారాను. చీలిన డొక్కులో ఒక పసుపు తోరం దారం చిక్కుకుని నన్ను ఆపింది. సగం సంచిలో, సగం గాలిలో వేలాడుతున్నాను. అంత భయంలోనూ నాకో సందేహం వచ్చింది. అక్కడ కొత్త డొక్కు కీచుమంటూనే ఉంది, తలుపులు తీస్తూనే ఉంది. నేను లేకుండా అది నేనేనా? డొక్కూ కూతా లేకుండా ఇక్కడ వేలాడుతున్నది ఏమిటి? ఇలాంటివి గుళ్ళో పురాణం చెప్పే శాస్త్రులుగారు అంటుంటే సుభద్రమ్మగారు కునికిపాట్లు పడేది. నాకు మాత్రం ఆ వేళ కునుకు రాలేదు.

మంగతాయారు గొంతు వినిపించింది. వానలో తడిసి ముద్దై, కనిపించిన సంచల్లా విప్పి చేతులు పెడుతోంది. ఒక సంచిలోంచి పగిలిన దేవుడి పటం బయటపడింది. పరాయివాళ్ళ నిర్మాల్యం కాళ్ళకింద పడుతోంది. "తప్పే స్వామీ, తప్పే. లెంపలు తరవాత వేసుకుంటాను. ఇప్పుడు చేతులు ఖాళీ లేవు!" అని ఏడుస్తూ వెతుకుతోంది. మా ఇంటి పూలు గుర్తుపట్టి మా సంచి పట్టుకుంది. పైనుంచి తడుముతోంది. నేను అడుగున ఉన్నాను. దారం సాగుతోంది. ఇంకో గాలి వీస్తే అయిపోయేది. ఆవిడ వేళ్ళకు ముందు దారం తగిలింది. దాన్ని పట్టి లాగితే నేను వచ్చాను.

ఇంటికి చేరేసరికి సుభద్రమ్మగారి పెదవులు నీలంగా ఉన్నాయి. గింజను ఊడదీయడానికి నాగభూషణం చాకు అందుకున్నాడు. "విరిగిందంటే ఇంకేం లేదు, ఇలా తెండి," అని మంగతాయారు పాత డొక్కును కొత్తదాని పక్కన పెట్టి, నన్ను ఆపిన పసుపు దారంతోనే రెండింటినీ బిగించి కట్టి తిప్పింది. ఇంజను నన్ను అడిగింది. నా పేరు చెప్పాను. అంత గట్టిగా ఎన్నడూ చెప్పలేదు.

దారంతా నీళ్ళు, కొబ్బరిమట్టలు. వెనక సుభద్రమ్మగారు గోవిందనామం అందుకుంటోంది, ఊపిరి చాలక సగంలో ఆగిపోతోంది.

"మాట్లాడకండి అత్తయ్యా."

"మాట్లాడకపోతే భయమేస్తోందే."

"అయితే మెల్లిగా అనండి. సగం మీరనండి, మిగతా సగం నేనంటాను."

గోదావరి వంతెన దాటేదాకా అలాగే అన్నారు. అత్తగారు "గో" అంటే కోడలు పూర్తిచేసేది. కింద నా తోడు పడిన గోదావరి. నేను కిందికి చూడలేదు.

ఆసుపత్రివాళ్ళు చక్రాల కుర్చీతో ఎదురొచ్చారు. సాయంత్రానికి ఆవిడ వెల్లకిలా పడుకోగలిగింది.

తరవాత ఒకనాడు ఆవిడే అడిగింది. "ఒరేయ్ భూషణం, స్వామి దగ్గర పెట్టబట్టే ఇది పాడైంది. స్వామిదని చెత్తలో వెయ్యకపోబట్టే దొరికింది. ఆయన దీన్ని చెడగొట్టాడంటావా, కాపాడాడంటావా?" నాగభూషణం "ఇకనుంచి కుంకుమ పొడిగా పెట్టమ్మా," అన్నాడు. ఇప్పుడు నాకు నీళ్ళు లేవు. దూరంనుంచి ఒక పువ్వు, అంతే.

నన్ను కొత్త డొక్కులోకి మార్చుతానని ఆయన చాలాసార్లు అన్నాడు. మంగతాయారు చాకు ముట్టుకోనివ్వలేదు. రెండు ఒళ్ళతో, పసుపు దారంతో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతున్నాను. దారం మాసింది, ఒక పోగు తెగింది కూడా. నా భయం పోలేదు. ఆవిడ భయమూ పోలేదని నాకు తెలుసు. ఆసుపత్రి రోజున నన్ను అందుకోగానే ఆవిడ వేళ్ళు చల్లగా ఉంటాయి. మీట జోలికి పోకముందే బొటనవేలు చీలిన డొక్కు మూలకు వెళ్ళి, గింజ ఉందా అని తడుముతుంది.

ఉన్నానమ్మా అనాలనిపిస్తుంది. నాకు మాట రాదు. ఆవిడ మీట నొక్కుతుంది. వాకిట్లో కారు కీచుమంటుంది.