డెక్కుకి ఎంతయింది?

ధర అడగడం పాపమనుకునే మనుషుల మధ్య ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. నేను పుట్టింది న్యూజెర్సీలో. అక్కడ ఎవరి కొట్టుకెళ్లినా ముందు ధర, తరవాతే పలకరింపు. పెళ్లయి వచ్చింది మిన్నెసోటాలోని ఈ సరస్సు ఒడ్డు ఊరికి. ఇక్కడివాళ్లు ఇల్లు తగలబడుతున్నా ముందు వాతావరణం గురించి మాట్లాడి, కాఫీ తాగి, ఆ తరవాత "కొంచెం పొగ వాసన వేస్తున్నట్టుంది" అంటారు. మా ఆయన ఐనార్ వీళ్లందర్నీ తలదన్నినవాడు.

మా పెరట్లో సరస్సు వైపు తిరిగి చెక్క అరుగులాంటి డెక్కు ఒకటి ఉంది. ఇంటి వెనక తలుపు తీస్తే దాని మీదే అడుగు పడుతుంది. ఏటేటా మంచు కింద నాని నాని దాని పలకలు పుచ్చిపోయాయి. మొన్న ఏప్రిల్లో సాసేజీల పళ్లెం పట్టుకుని నడుస్తుంటే ఒక పలక విరిగి మోకాలిదాకా దిగబడిపోయాను. ఐనార్ పరుగున వచ్చి నన్ను, నా కాలిని, చెదిరిన సాసేజీలను చూశాడు.

"ఆ పలక కాస్త మెత్తబడినట్టుందే," అన్నాడు.

మర్నాడు ఆర్విల్‌ని పిలిచాడు. ఆర్విల్ వడ్రంగి. శీతాకాలంలో సరస్సు గడ్డకట్టాక దాని మీద గుడిసె వేసుకుని చేపలు పడతారు కదా, ఐనార్, ఆర్విల్ ఆ గుడిసెలో ముప్పై ఏళ్లుగా పక్కపక్కన కూర్చుంటున్నారు. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి ఒక పేజీకి సరిపడా మాటలు మాట్లాడుకుని ఉంటే గొప్ప. ఆర్విల్ డెక్కు కిందికి దూరి, దూలాలన్నీ సుత్తితో తట్టి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"అడుగు దూలాలు గట్టిగానే ఉన్నాయండీ. పైపలకలు మారిస్తే చాలు."

"ఎంతవుతుంది?" అన్నాను.

ఇద్దరూ సరస్సు వైపు తిరిగారు. వాళ్ల ముందు నేనేదో బూతుమాట అన్నట్టు!

"అదెంతలే ఫిలొమీనమ్మా, చూద్దాం," అని ఆర్విల్ నీళ్లు నమిలాడు.

నాకు ధర తెలియాలి. సెప్టెంబరులో మా అక్క ఆంటొనెట్టాకి డెబ్బై నిండుతాయి. దాన్ని చూసి ఆరేళ్లయింది. పుట్టినరోజుకి ఎలాగైనా విమానం ఎక్కుతానని మాటిచ్చాను. మా ఇంట్లో మిగులు డబ్బు ఒక్కటే మూట. డెక్కూ దాంట్లోంచే, నా టికెట్టూ దాంట్లోంచే. డెక్కు ఎంత మింగుతుందో తెలియకుండా టికెట్టు ఎలా కొనను?

"నువ్వయినా అడగవయ్యా," అన్నాను ఆ సాయంత్రం ఐనార్‌తో.

"అడిగితే వాడి మీద నమ్మకం లేనట్టు ఉండదూ?"

"పోనీ ఆయనే చెప్పచ్చుగా?"

"చెబితే మనల్ని డబ్బులడిగినట్టు ఉంటుంది కదే!"

"మరి మీ ఊళ్లో ఎవరికైనా ఏదైనా ఎంతయిందో ఎలా తెలుస్తుంది?"

ఐనార్ చాలాసేపు ఆలోచించాడు. "తెలియదు," అన్నాడు.

పని మొదలైంది. పాత పలకలన్నీ ఆర్విల్ పీకేశాడు. నేను ఆదివారం చర్చి కింది గదిలో ఆర్విల్ భార్య మార్లిస్‌ని పట్టుకున్నాను. "మరీ అంత ఎక్కువుండదులే తల్లీ," అంది. అంటే ఎంత అన్నాను. "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదూ?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇలాంటి జబ్బుకి మా న్యూజెర్సీలో ఒక మందుంది. సోమవారం ఆర్విల్ కొత్త పలకలు బిగించబోతుంటే వెళ్లి పక్కన నిలబడి, ఆ మందు వేశాను.

"పక్కూళ్లో ఒకతను దీనికి ఇరవై వేల డాలర్లు అడిగాడండీ."

పక్కూళ్లో ఎవడూ లేడు. మావైపు వడ్రంగి అయితే సుత్తి నేలకేసి కొట్టి, "ఇరవై వేలా! వాడు మనిషా దొంగా? నేను ఎనిమిదికి చేస్తా!" అని ఉండేవాడు. నాకు ధర తెలిసిపోయేది. ఆర్విల్ మాత్రం చేతిలోని స్క్రూలను మెల్లగా జేబులో వేసుకున్నాడు.

"అలాగా. మంచి పనివాడే అయ్యుంటాడు," అన్నాడు. "సరే అయితే," అని సామానంతా ట్రక్కులో సర్దుకుని వెళ్లిపోయాడు.

మేం వేరేవాణ్ని మాట్లాడుకుని, ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడుతున్నాం అనుకున్నాడు మహానుభావుడు. మాకు ఇబ్బంది లేకుండా తనే తప్పుకున్నాడు.

డెక్కు ఎముకలగూడులా మిగిలింది. వెనక తలుపు తీస్తే దూలాలు, వాటి మధ్య గడ్డి. ఆర్విల్ రాడు, ఐనార్ వెళ్లడు. శుక్రవారం ఊరంతా కలిసి తినే వేయించిన చేపల విందుకి ఇద్దరూ రాలేదు, ఒకరికొకరు ఎదురుపడితే అవతలివాళ్లకి ఇబ్బందవుతుందని.

"వెళ్లి మాట్లాడవయ్యా బాబూ!"

"ఏమని మాట్లాడనే?" అని, దూలాల వంక చూస్తూ, "ఈసారి చేపల గుడిసెలో ఒక్కణ్నే కూర్చోవాలి కాబోలు," అన్నాడు.

మావైపు మగవాడు గుండెలు బాదుకుని ఏడవడమూ, ఐనార్ ఈ ఒక్క ముక్క అనడమూ ఒకటే. చేసింది నేను, సరిచేయాల్సిందీ నేనే.

నిమ్మకాయ కేకు ముక్కలు చేసుకుని ఆర్విల్ ఇంటికి వెళ్లాను. ఈసారి వాళ్ల పద్ధతిలోనే. మార్లిస్ కాఫీ ఇస్తానంటే వద్దన్నాను. మళ్లీ అంటే మళ్లీ వద్దన్నాను. మూడోసారికి "మీరంతగా అంటున్నారు కాబట్టి అరకప్పు" అన్నాను. వాన గురించి మాట్లాడాం, చేపల గురించి మాట్లాడాం. పళ్లెంలో చివరి కేకు ముక్క మిగిలింది. చివరిది తీసుకుంటే ఆశపోతు అనుకుంటారని మార్లిస్ సగం కోసుకుంది, ఆర్విల్ ఆ సగంలో సగం కోసుకున్నాడు, నేను ఆ మిగిలినదాంట్లో సగం. ఆఖరికి పళ్లెంలో పొడి మిగిలింది, దాన్నీ ఎవరూ ముట్టుకోలేదు. డెక్కు మాట ఎవరూ ఎత్తలేదు.

"సరే మరి," అని లేచాను. ఇక్కడ అలా అన్నాక కదలడానికి ఇంకో అరగంటైనా పడుతుంది. గుమ్మం దగ్గర కొంత, మెట్ల మీద కొంత. అసలు మాట మాత్రం కారెక్కి అద్దం దించాకే బయటికొస్తుంది. ఆర్విల్ కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ ఇరవై వేలవాడు అసలు లేడండీ," అన్నాను. "నేనే పుట్టించాను. మీ ధర తెలుసుకుందామని."

ఆర్విల్ నా కారు ముందు టైరును చాలాసేపు చూశాడు. "న్యూజెర్సీలో అలా చేస్తారా?"

"చేస్తామండీ."

"పాపం," అన్నాడు.

తరవాత అటూ ఇటూ చూసి, ఎవరికో ప్రాణం మీదికొచ్చిన కబురు చెబుతున్నట్టు వంగి, "అయిదు వేలు," అన్నాడు.

అయిదు! టికెట్టు మిగులుతుంది. అక్కకి మంచి కానుక కూడా వస్తుంది. అద్దం ఎత్తేసి పోవాల్సిందే. కానీ ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర అరిగి దారాలు వేలాడుతున్నాయి. ఆ మోకాళ్ల మీదే కదా మా పాత మేకులన్నీ పీకాడు.

"ఆ అయిదు వేలూ పలకలకే సరిపోతాయి కదండీ. మీ కూలేదీ?"

"ఐనార్ ఇంటి పనికి కూలేమిటమ్మా?"

"అదేం కుదరదు. ఏడు తీసుకోండి."

"అయ్యో, పోనీ అయిదుంపావు."

"ఏడు!"

"ఫిలొమీనమ్మా, ఆరే చాలా ఎక్కువ!"

"ఏడంటే ఏడే!" అని అరిచి కారు పోనిచ్చాను. జీవితంలో ఇంత గట్టిగా బేరమాడింది లేదు. ఆ ఎక్కువిచ్చిన రెండు వేలు నా టికెట్టు డబ్బేనని మా ఇంటి మలుపు తిరిగాక గానీ తట్టలేదు. కారు పక్కకి ఆపి కాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

ఆగస్టుకల్లా డెక్కు తయారైంది. కొత్త దేవదారు వాసన ఇల్లంతా పట్టింది. ఐనార్, ఆర్విల్ దాని మీద పక్కపక్కన కుర్చీలు వేసుకుని సరస్సును చూస్తూ కూర్చున్నారు.

"మరీ చెడ్డగా లేదు," అన్నాడు ఐనార్.

"ఊఁ," అన్నాడు ఆర్విల్. ఆనందం పట్టలేక ఇద్దరూ మళ్లీ మాట్లాడలేదు.

నేను వంటింట్లోంచి అక్కకి ఫోన్ చేశాను. "నేను రాలేనక్కా. పుట్టినరోజుకి నువ్వే ఇక్కడికి రా. కొత్త డెక్కు మీద చేసుకుందాం."

"వస్తాలే, రాకేం! కానీ విమానం డబ్బులు మింగేసిన డెక్కేమిటే? ఎంతయింది?"

కిటికీలోంచి ఆ ఇద్దరి వీపులు కనిపిస్తున్నాయి. చెబుదామని నోరు తెరిచాను.

"అదెంతలే అక్కా... మీవైపు వానలు బాగా పడుతున్నాయా?"

"ఎవరమ్మా మాట్లాడేది?" అంది మా అక్క.