బస్తా అడుగు చూసినదాన్ని

నేను ఒక ఇనుప గొట్టాన్ని. జానెడు పొడవు, బొటనవేలంత లావు. ఒక చివర ఏటవాలుగా కోసి మొన తీశారు. రెండో చివర తెరిచే ఉంటుంది. మొనను బస్తాలో గుచ్చితే లోపలి గింజలు నా కడుపులోంచి జారి, రెండో చివర పట్టుకున్న అరచేతిలో పడతాయి. మూట విప్పకుండా సరుకు ఎలాంటిదో చెప్పడం నా పని. తమకు సంబంధం లేని విషయాల్లో తల దూర్చేవాళ్ళంటే మనుషులకు గిట్టదు. నన్ను మాత్రం అందుకోసమే చేయించుకున్నారు.

పుట్టుకతో నేను గొట్టాన్ని కాను, ఒక ఇనుప మంచానికి కోడుని. ఆ మంచం ఎవరిదో, ఎందుకు విరిగిందో నాకు తెలియదు. మిగిలిన మూడు కోళ్ళూ ఏమయ్యాయో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. కాకినాడ రేవు దగ్గర కొలిమిలో ఒక కమ్మరి నన్ను కోసి, కాల్చి, మొన పదును పెట్టి ఇలా చేశాడు. చేయించుకున్నాయన పేరు సోమలింగం. అప్పటికి ఆయన ఆస్తి ఒక తోపుడుబండి, అద్దెకు తీసుకున్న సగం అరుగు, ఒక బోర్డు. బోర్డు మీద ‘సోమలింగం అండ్ సన్స్’ అని ఉండేది. కొడుకుల మాట దేవుడెరుగు, ఆయనకు అప్పటికి పెళ్ళే కాలేదు. “అలా రాస్తే పేరు నిండుగా ఉంటుందండి” అని బోర్డు రాసినవాడు అంటే, సరే రాయమన్నారట.

రంగూన్ నుంచి ఓడలు వచ్చేవి. మినుములు, కందులు, పెసలు దిగేవి. నేను రోజుకు వంద బస్తాల్లో దూరేదాన్ని. ఒక్కో బస్తాలో ఒక్కో వాసన. ఒకదాంట్లో తడి మట్టి, ఒకదాంట్లో పొగ, మరొకదాంట్లో ఎవరో కాల్చిన చుట్ట. ఒకసారి గింజలతోపాటు విరిగిన దువ్వెన పన్ను ఒకటి జారి సోమలింగం గారి చేతిలో పడింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, “ఎవరి జడో పాపం” అని చొక్కా జేబులో వేసుకున్నారు. సముద్రం అవతల ఏ పెరట్లోనో ఎండబోసిన మినుముల పక్కన కూర్చుని తల దువ్వుకున్న ఆ మనిషి ఎవరై ఉంటుంది? నాకు అన్నిటికన్నా ఎక్కువ తెలుసుకోవాలనిపించింది అదొక్కటే. తెలియలేదు.

సోమలింగం గారికి రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది, ఆయన నిలబడి నన్ను వాడేవారు కాదు. చిన్న చెక్కపీట ఒకటి చంకలో పెట్టుకుని తిరిగేవారు. బస్తా ఎదుట పీట వేసుకుని కూర్చుని, అడుగున గుచ్చేవారు. గుచ్చిన చోట నా మొనతో నాలుగుసార్లు అడ్డంగా రాస్తే గోనె పోగులు మళ్ళీ దగ్గరకు జరిగి చిల్లు మూసుకునేది. రెండోది, అలా తీసిన గింజలన్నీ ఒక ముంతలో పోసి ఇంటికి పంపేవారు. ఆ పూట ఇంట్లో అవే వండాలి. ఇంట్లోవాళ్ళు తిన్నాకే సరుకు అమ్మకానికి వెళ్ళాలి. ఆ విధంగా ఆ ఇంట్లో పెసరట్టా, కందిపప్పా, దిబ్బరొట్టా అన్నది నేనే నిర్ణయించేదాన్ని. వంటచేసే ఆయన భార్య చిట్టెమ్మగారు మాత్రం తానే నిర్ణయిస్తున్నాననుకునేవారు.

యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. పక్క అరుగులవాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. సోమలింగం గారు నన్నూ పీటనూ సంచిలో వేసుకుని మన్యం సంతలకు బయలుదేరారు. బర్మా గింజ లేకపోతే మన గింజ. కొండదారుల్లో ఎడ్లబండి మీద ఊగుతూ నేను కొత్త వాసనలు నేర్చుకున్నాను. తరవాత లారీ వచ్చింది, ఇంకో లారీ వచ్చింది. కొట్టు వెనక గోడౌన్ లేచింది. పిఠాపురం నుంచి తుని దాకా ప్రతి ఊళ్ళో ఒక కిరాణా కొట్టుకు మా బస్తా వెళ్ళేది. తరవాత అదే లారీలో సబ్బులు, బిస్కెట్లు కూడా ఎక్కాయి. బోర్డు మీది ‘సన్స్’ మాత్రం ఒక్క విశ్వేశ్వరంతో ఆగిపోయింది.

సోమలింగం గారు పోయాక విశ్వేశ్వరంగారు తండ్రి ఫోటో పెద్దది కట్టించి కొట్లో తగిలించారు. పీటకు పసుపు రాసి, బొట్టు పెట్టి ఫోటో కింద ఉంచారు. రోజూ దానిమీద పూలు పెట్టి అగరుబత్తి వెలిగించేవారు. దానిమీద కాలు పడనిచ్చేవారు కాదు, కూర్చోవడం సంగతి సరేసరి.

పీట పూజలోకి వెళ్ళింది కాబట్టి విశ్వేశ్వరంగారు నిలబడే గుచ్చేవారు. ఆయనకు పొట్ట పెద్దది, మోకాళ్ళు నొప్పి. చెయ్యి హాయిగా అందేది బస్తా మెడ దగ్గరకు. కాబట్టి అక్కడే గుచ్చేవారు. ముంత పద్ధతి మాత్రం ఒక్కరోజు తప్పలేదు. మెడ దగ్గరి గింజలు ముంతలో ఇంటికి వెళ్ళేవి, ఇంట్లోవాళ్ళు తిని బాగున్నాయనేవారు. నేను ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నన్ను పంపిన చోట ఏముందో అదే తెచ్చాను. కానీ పై నుంచి మూడో వంతుకు దిగువన ఏముందో చూసి ఎన్ని ఏళ్ళయిందో!

ఒక ఏడాది కొత్తగా పరిచయమైన వర్తకుడి దగ్గర కొని మూడు వందల బస్తాల మినుములు దించారు. గుచ్చారు, వండారు, తిన్నారు, లారీలకెత్తారు. సగం పైగా ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

పది రోజులకు మంగాయమ్మ వచ్చింది. రైల్వేస్టేషన్ దారిలో ఇడ్లీల కొట్టు ఆమెది. సగం ఖాళీ అయిన బస్తాను రిక్షాలో వేయించుకుని వచ్చి కొట్టు నడిమధ్యన దింపించింది.

“ఏవండీ బాబూ, ఇవి మీ మినుములేనా?”

గుమాస్తా పాపయ్య కుట్టు చూసి, “ఆయ్, మాయే” అన్నాడు.

“మొదటి నాలుగు రోజులూ మల్లెపూలండి ఇడ్లీలు. తరవాత నుంచి పిండి పొంగదండి. నిన్న ఒకాయన ఇడ్లీ తీసి గోడకేసి కొట్టాడండి. పగల్లేదండి, గోడ పెచ్చూడింది.”

కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మంగాయమ్మ నవ్వలేదు.

“పొంగకపోతే తప్పు మినుములదా మంగాయమ్మా? రుబ్బే చెయ్యిని కూడా చూసుకోవాల” అన్నాడు పాపయ్య.

“ఇరవయ్యేళ్ళ నుంచీ ఇదే చెయ్యి పాపయ్యగారూ. చెయ్యి మారలేదు, బస్తా మారింది. నా బేరమంతా ఎదర కొట్టుకి పోతా ఉంది. ఇంకో వారం ఇలాగే ఉంటే నేను పొయ్యి ఆర్పేసుకోడవే. ఆ కొట్టు తప్ప నాకు ఇంకో ఆధారం లేదండి.”

విశ్వేశ్వరంగారు చెడ్డ మనిషి కాదు. అయితే ఆయనకు తన సరుకు మీద అనుమానం రావడానికి దారి లేదు. “చూడమ్మా, ఇదే సరుకు మా ఇంట్లో వండుకున్నాం, నేను తిన్నాను. మా నాన్నగారి పద్ధతి అది. మేం తినంది నీకు అమ్మం” అన్నారు. అని లోపలికి కేకేశారు. “అమ్మాయ్ రాజ్యం! మొన్న కొత్త మినుముల రొట్టె ఎలా వచ్చిందో చెప్పు.”

రాజ్యం ఆయన కోడలు. ఇల్లూ కొట్టూ ఒకే గోడకు అటూ ఇటూ. పెళ్ళయి మూడేళ్ళయినా ఆమె ఆ గుమ్మం దాటి కొట్లోకి రాలేదు. ఆమె చెయ్యి మాత్రం నాకు తెలుసు, అప్పుడప్పుడు ముంతతోపాటు పొరపాటున నేనూ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. నన్ను కడిగి, ఆరబెట్టి, వెలుతురుకేసి పట్టి లోపలికి ఒక కన్ను మూసి చూసేది. నా లోపలికి తొంగిచూసిన మనిషి ఆమె ఒక్కతే.

“బాగా వచ్చిందండి” అంది గుమ్మం వెనక నుంచి.

“విన్నావుగా” అన్నారు విశ్వేశ్వరంగారు. మంగాయమ్మ బస్తా మూతి ముడివేసుకోవడం మొదలుపెట్టింది. నేను బల్లమీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఏం లాభం? నన్ను ఎవరైనా పట్టుకుంటేనే కదా నేను మాట్లాడేది.

గుమ్మం వెనక నుంచి మళ్ళీ గొంతు వచ్చింది, ఈసారి ఇంకా చిన్నగా. “మావయ్యగారూ... ఎక్కడ గుచ్చారండి?”

“ఎక్కడేంటి? బస్తాకి.”

“అంటే, పైనా, కిందా అని...”

అప్పుడు రాజ్యం బయటికి వచ్చింది. తలవంచుకుని నేరుగా ఫోటో దగ్గరకు వెళ్ళింది. పీట మీది పూలు తీసి పక్కన పెట్టింది. రెండు చేతులతో పీట ఎత్తింది.

“అమ్మగారూ! తాతగారి పీటండి అది!” అన్నాడు పాపయ్య.

“చిట్టెమ్మ మామ్మగారు పోయేముందు నాకు చెప్పారండి. తాతగారు ఎప్పుడూ కూర్చునే గుచ్చేవారట. నిలబడి గుచ్చితే అమ్మేవాడి మొహం కనపడుతుంది, కూర్చుని గుచ్చితే సరుకు కనపడుతుంది అనేవారట.”

గోడౌన్‌లో మిగిలిన బస్తాల్లో ఒకదాని ముందు పీట వేసింది. కూర్చుంది. బల్లమీద నుంచి తెచ్చుకున్న నన్ను పట్టుకుంది. బస్తా అడుగున గట్టిగా గుచ్చింది.

ఎన్నేళ్ళకు వెళ్ళాను అక్కడికి! ముక్కిపోయిన వాసన. నాలోంచి జారిన గింజల చప్పుడే వేరుగా ఉంది, బరువు లేని చప్పుడు. ఆమె అరచేతిలో పడ్డవి పాత మినుములు, సగం పుచ్చులు, వాటి వెనకే బూడిదలాంటి పిండి. ఒక పురుగు తీరిగ్గా ఆమె వేలెక్కింది.

విశ్వేశ్వరంగారు ఆ చెయ్యి వంక చూశారు. తరవాత, “లేమ్మా” అన్నారు. కోపమొచ్చిందేమో అని రాజ్యం గబుక్కున లేచింది. ఆయన గోడ పట్టుకుని, మోకాళ్ళు టకటకమంటుండగా ఆ పీట మీద కూర్చున్నారు. నన్ను తీసుకుని పక్క బస్తాకు గుచ్చారు. దాని పక్కదానికి. ఇంకో దానికి. అన్నీ ఒకటే. మా యజమాని మెడ దగ్గర తప్ప చూడడని ఆ వర్తకుడికి ఎవరు చెప్పారో గానీ, నేను ఎంత దూరం వెళ్తానో లెక్కగా అంతవరకే మంచి గింజ పోశాడు.

“పెద్దాయన కూర్చున్న చోట ఆడవాళ్ళు కూర్చోవడం...” అని పాపయ్య గొణిగాడు.

“నోరుమూసుకోవయ్యా పాపయ్యా. ఇన్నేళ్ళూ ఆ పీట మీద పూలు కూర్చున్నాయి. మనిషి కూర్చుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.” ఆయన పీట మీది నుంచే చెప్పారు. “రెండు లారీలూ తియ్యించు. ప్రతి ఊరూ తిరిగి ఒక్క బస్తా మిగలకుండా వెనక్కి తెప్పించు. ఎందుకని అడిగితే మేం చూడలేదని చెప్పు. మంగాయమ్మా, నీ బస్తా మారుస్తాం. నువ్వే ఏరుకో, కింద గుచ్చి మరీ.”

“అలాగేనండి” అంది మంగాయమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని. “ముందు మీరు లేవండి బాబూ.” ఆయన లేవలేకపోయారు. ఇద్దరు పట్టి లేపారు.

వారం తిరక్కుండా మంగాయమ్మ విస్తరాకులో ఇడ్లీలు కట్టి తెచ్చి, “కొట్లోవాళ్ళందరూ తినాల, పాపయ్యగారు ముందు” అంది. పాపయ్య ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి అడిగాడు.

ఆ తరవాత సరుకు దిగిన ప్రతిరోజూ పీట మీద రాజ్యం కూర్చునేది. ఫోటో కింద పూలు మామూలుగానే పెట్టేవారు, ఖాళీ నేల మీద.

ఇప్పుడు కంపెనీ పెద్దది. బర్మా మినుములు మళ్ళీ వస్తున్నాయి, ఇనుప పెట్టెల్లో. గింజను చూడటానికి యంత్రాలున్నాయి. తేమ ఎంతో, పుచ్చు ఎంతో అంకెల్లో చెబుతాయి. వాసన మాట అడిగితే మాత్రం చెప్పలేవు. నన్ను ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. ‘తాకరాదు’ అని రాసిన అట్ట పక్కన ఉంది. కనపడ్డ ప్రతిదాన్నీ పొడిచి చూసినదాన్ని, నన్నట తాకరాదు!

పెట్టె బిగించే రోజున చిన్న తగువైంది. పనివాళ్ళు గోడకు ఛాతీ ఎత్తున మేకులు కొట్టబోయారు. రాజ్యమ్మగారు ఒప్పుకోలేదు. నేల నుంచి మూరెడు ఎత్తులో బిగించమన్నారు. “అంత కిందైతే ఎవరికీ కనపడదండి” అన్నాడు మేస్త్రీ. “కావలసినవాళ్ళు వంగుతారులే” అన్నారు ఆవిడ.

నిజంగానే వంగుతున్నారు. టైలు కట్టుకున్నవాళ్ళు, దేశాలు తిరిగి వచ్చినవాళ్ళు, అందరూ నా ముందు కాసేపు వంగి నిలబడతారు. వాళ్ళ జేబుల్లోంచి పెన్నులు జారిపడుతుంటే నాకు సరదా.

రాజ్యమ్మగారికి ఇప్పుడు వంగడం చేతకాదు. అందుకే రోజూ పొద్దున్నే పీట చంకలో పెట్టుకుని వస్తారు. పెట్టె ఎదుట వేసుకుని నెమ్మదిగా కూర్చుంటారు. కొంగు చివర ముడి విప్పి, ఆ రోజు దిగిన గింజలు అరచేతిలో పోసుకుని అద్దానికి ఆనించి నాకు చూపిస్తారు.

“అడుగు నుంచే తీయించాను” అంటారు.

వాసన తెలియదు, అద్దం అడ్డం. అయినా చూస్తాను. ఈవేళ్టివి ఏ ఊరివో?