తిట్లు నేర్పిన పిన్ని

మా అమ్మ నాకు వెర్లీన్ అని పేరు పెట్టింది గానీ మా వీధిలో నన్ను అందరూ "నోరున్న పిల్ల" అనే అంటారు. ఎవరైనా ఒక మాటంటే నేను రెండు అంటాను. రెండోది మొదటిదానికన్నా ఎప్పుడూ కాస్త పదునుగానే ఉంటుంది. అలాంటిదాన్ని ఏరికోరి వెళ్లి అహింసా దళంలో చేరాను.

కారణం డాబిన్స్ దుకాణం. అక్కడ మా నల్లవాళ్లకు సూదులు అమ్ముతారు, నోటుపుస్తకాలు అమ్ముతారు, తలనూనె అమ్ముతారు. అదే దుకాణంలో టిఫిన్ల బల్ల ముందు ఎత్తు స్టూళ్లున్నాయి. వాటి మీద తెల్లవాళ్లే కూర్చోవాలి. మేము కాఫీ అడిగితే వెనక గుమ్మం దగ్గర నిలబడి కాగితపు గ్లాసులో తాగి పొమ్మంటారు. ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల అరవైలో, కరోలినాలో ఊరూరా కాలేజీ పిల్లలు వెళ్లి ఆ స్టూళ్ల మీద కూర్చుంటున్నారు. మా ఊరు మాత్రం వెనకబడిపోయిందని నాకు తల కొట్టేసినట్టుగా ఉండేది.

ఆరుగురు వెళ్లాలని నిర్ణయించారు. అయిదుగురిని ఎంచేశారు. ఆరో చోటు నాకిస్తారో లేదో లూషస్ తేల్చాలి. అతను దైవశాస్త్రం చదువుతున్నాడు, నాకన్నా రెండేళ్లు పెద్ద. నవ్వడం పాపమని ఏదో అధ్యాయంలో చదివినవాడిలా ఉండేవాడు.

"నువ్వు శాండ్‌విచ్‌లు కట్టే జట్టులో ఉండు వెర్లీన్" అన్నాడు.

"నాకు వంట రాదు."

"వంటదేముంది, నేర్చుకోవచ్చు. కోపం ఆపుకోవడం నీవల్ల కాదు."

"కాదని ఎవడన్నాడు?" అని అరిచాను. గోడకున్న బైబిల్ పటం ఊగింది.

లూషస్ పటం వైపు చూశాడు, నా వైపు చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సరే, తాలీముకు రమ్మన్నాడు.

తాలీము చర్చి కింది గదిలో జరిగేది. కుర్చీలు వరసగా వేసి కొందరు కూర్చోవాలి. మిగతావాళ్లు తెల్ల రౌడీల్లా నటించాలి. తిట్టాలి, జుట్టు లాగాలి, ముఖం మీద పొగ ఊదాలి. కూర్చున్నవాళ్లు కదలకూడదు, బదులు చెప్పకూడదు, పుస్తకంలోంచి తల ఎత్తకూడదు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా రౌడీలతోనే వచ్చింది. మాలో ఒక్కడికీ తిట్టడం చేతకాదు. అందరూ చర్చి పెద్దల పిల్లలు, ఆదివారం బడి పంతులమ్మల మనవలు.

ప్రెంటిస్ అని ఒకడుండేవాడు. ఆరడుగుల మూడంగుళాలు, తలుపులో వంగి రావాలి. ఆకారం చూసి పెద్ద రౌడీ వేషం వాడికిచ్చాం. వాడు నా వెనకకు వచ్చి టోపీ తీసి, "ఏమండీ, దయచేసి లేస్తారా" అన్నాడు.

"తిట్టరా" అన్నాడు లూషస్.

ప్రెంటిస్ నుదుటికి చెమట పట్టేదాకా ఆలోచించి, "మీరు... మీరేమంత మంచివారు కాదు" అన్నాడు. వెంటనే నా చెవిలో, "ఏమనుకోకు వెర్లీన్, మా అమ్మతో చెప్పకు" అన్నాడు. జుట్టు లాగమంటే ఒక్క వెంట్రుక పట్టుకుని, నొప్పి పెడుతోందా అని అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వినా ఓడినట్టేనని లూషస్ రాసుకున్నాడు.

ఆ రోజు గురువారం. గురువారాలు మా ఆర్నెటా పిన్నికి సగం రోజు సెలవు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. గుట్ట మీద కాల్డ్‌వెల్ అమ్మగారింట్లో ఇరవై రెండేళ్లుగా వంటా, ఇంటిపనీ అన్నీ తనే. మాకోసం కోడివేపుడూ మొక్కజొన్న రొట్టె పట్టుకొచ్చి మెట్ల మీదే ఆగి చూస్తోంది.

"ఇదేం తిట్టడం నాయనా, పెళ్లికి పిలుస్తున్నట్టుంది" అంది.

"పోనీ మీరు చూపించండి పిన్నిగారూ" అన్నాడు ప్రెంటిస్, బరువు దిగినట్టుగా.

పిన్ని గంప కింద పెట్టింది. చేతి తొడుగులు తీసి మడిచి గంప మీద పెట్టింది. వచ్చి నా వెనక నిలబడింది. గొంతు సన్నబడింది, ముక్కులోకి వెళ్లింది, బెల్లం పాకంలా తియ్యగా అయింది.

"ఏమే పిల్లా, నీకు చేతులిచ్చిన దేవుడు చెవులివ్వడం మర్చిపోయాడా? మా కుక్కకి ఎక్కడ కూర్చోవాలో మూడు రోజుల్లో నేర్పాను. మీ జాతికి ఎన్నేళ్లు చెప్పినా బుర్రకెక్కదు. నా వంక చూస్తున్నావేం? చూడమని నీకెవరు చెప్పారు?"

నేను కుర్చీలోంచి గెంతాను. "పిన్నీ, ఏంటా మాటలు?"

"ఇదిగో, లేచింది" అని పిన్ని లూషస్‌కి చూపించింది, మామూలు గొంతుతో. గదంతా పగలబడి నవ్వింది. చప్పట్లు కొట్టాం. లూషస్ కూడా నవ్వాడు, అతనికి పళ్లున్నాయని ఆ రోజే తెలిసింది.

"ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు పిన్నిగారూ?" అని ఎవరో అడిగారు.

"రేడియో నాటకాలు వింటాగా" అంది.

అంతే, ఆవిడే మా తిట్ల పంతులమ్మ అయిపోయింది. కాల్డ్‌వెల్ అమ్మగారి చెవిన పడితే పని ఊడుతుందని ఎవరితోనూ అనొద్దంది. ఆ ముక్కలు అందరికీ కంఠతా వచ్చేశాయి. ప్రెంటిస్ కాలేజీ మెట్లెక్కుతూ "చేతులిచ్చిన దేవుడు" అని పాఠంలా వల్లె వేసుకునేవాడు. నేను మాత్రం రెండో గురువారమూ తప్పాను, వెనక్కి తిరిగి కళ్లెర్ర చేసినందుకు. మూడో గురువారం కూజాడు నీళ్లు కుమ్మరించాను. కుమ్మరించింది కూడా ప్రెంటిస్ మీద, పాపం వాడు గోడ పక్కన నిలబడి రొట్టె తింటున్నాడు.

నాలుగో గురువారం నలభై నిమిషాలు కూర్చున్నాను. పిన్ని నా తల మీద పిండి పోసింది, జుట్టు పట్టి ఊపింది, కుక్క దగ్గర్నుంచి దేవుడి దాకా అన్నీ అంది. వృక్షశాస్త్రం పుస్తకంలో ఒకే పేజీ చదువుతూ ఉండిపోయాను. ఆరో చోటు నాదయింది. పిండి దులుపుతూ పిన్ని నా నుదుటి మీద ముద్దు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం చర్చి బట్టల్లో డాబిన్స్‌కి వెళ్లి ఆరు స్టూళ్ల మీద కూర్చున్నాం. ఏడోది చివరన ఖాళీగా ఉంది. కాఫీ అడిగాం. మీకు ఇక్కడ ఇవ్వం అంది వడ్డించే అమ్మాయి. ఇచ్చేదాకా ఉంటాం అన్నాడు లూషస్. కాసేపటికి ముగ్గురు తెల్ల కుర్రాళ్లు వచ్చారు. ఒకడు నా తల మీద టమాటా సాస్ సీసా బోర్లించాడు. ఇంకొకడు తిట్లు మొదలుపెట్టాడు. చెప్పకూడదు గానీ మా పిన్ని ముందు అవెంత చప్పగా ఉన్నాయో. మూడు తిట్లకే వాడి సరుకు అయిపోయింది. నాలుగోదానికి వెతుక్కుంటుంటే ప్రెంటిస్ అందించబోయి నాలిక్కరుచుకున్నాడు.

ఇక గెలిచేశాం అనుకున్నాను. అప్పుడు నా వెనక ఆ గొంతు వినిపించింది. సన్నగా, ముక్కుతో, తియ్యగా.

"ఏమే పిల్లా, నీకు చేతులిచ్చిన దేవుడు చెవులివ్వడం మర్చిపోయాడా?"

పిన్ని ఇక్కడికెందుకొచ్చిందా అనుకున్నాను, నవ్వు కూడా వచ్చింది. బల్ల వెనక అద్దంలోకి చూశాను. మాట్లాడుతున్నది కాల్డ్‌వెల్ అమ్మగారు. మా పిన్ని ఆవిడకు రెండడుగుల వెనక, తెల్ల ఏప్రన్ కట్టుకుని, అయిదు పొట్లాలూ ఒక టోపీ పెట్టె మోస్తూ నేల చూస్తోంది. పక్క స్టూలు మీద ప్రెంటిస్ పెదవులు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి. కదిలి, ఆగిపోయాయి.

రేడియోలో వినలేదు. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో రోజూ విని, సాయంత్రం వచ్చి నాకు అన్నం పెట్టింది. మేమేమో చప్పట్లు కొట్టాం.

నన్ను తిడితే పడటం నేర్చుకున్నాను. పిన్నిని తిడితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. చేతికందే దూరంలో గాజు పంచదార సీసా ఉంది, బరువైనది. నా చేయి దాని మెడ పట్టుకుంది. నేను దాన్ని ఎత్తితే మేమే రౌడీలమని మర్నాడు పేపర్లో రాస్తారు, ఆ స్టూళ్లు మాకు ఇంకెప్పటికీ దక్కవు. అదంతా తెలుసు. తెలిసీ నా వేళ్లు బిగుస్తూనే ఉన్నాయి.

"మా కుక్కకి మూడు రోజుల్లో నేర్పాను ఎక్కడ కూర్చోవాలో" అంటోంది కాల్డ్‌వెల్ అమ్మగారు. "నీకెవరు నేర్పారే, ఇక్కడ కూర్చోమని?"

"నేనేనమ్మగారూ" అంది పిన్ని.

కాల్డ్‌వెల్ అమ్మగారు వెనక్కి తిరిగింది.

"ఏమన్నావ్ ఆర్నెటా?"

"నేనే నేర్పానండి. మా అక్క కూతురు. నాలుగు గురువారాలు పట్టింది."

పొట్లాలు ఒక్కొక్కటే తెచ్చి అమ్మగారి చేతుల్లో పెట్టింది. అయిదోదానికి ఆవిడ చేతులు నిండిపోయాయి, టోపీ పెట్టె గడ్డం కింద ఇరికించుకోవాల్సి వచ్చింది. నోరు తెరిస్తే పెట్టె జారుతుంది. పిన్ని ఏప్రన్ విప్పి దానితోనే నా నుదుటి మీది సాస్ తుడిచింది. తరువాత పంచదార సీసా మీంచి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, సీసాను లూషస్ వైపు జరిపింది.

లూషస్ తన నియమం తనే తప్పి తల ఎత్తాడు. "ఆ చివర ఖాళీ ఉంది, కూర్చోండి పిన్నిగారూ."

పిన్ని స్టూలు వంక చూసింది, కాల్డ్‌వెల్ అమ్మగారి వంక చూసింది.

"వద్దు నాయనా. పిల్లలకి నేర్పాను గానీ నాకింకా రాలేదు. ఇప్పుడక్కడ కూర్చుంటే నా చేయి ఊరుకోదు."

ముందు గుమ్మంలోంచే వెళ్లిపోయింది. గుంపు పక్కకు తప్పుకుంది. నా కోపం ఎవరి పోలికో ఇన్నాళ్లకు తెలిసింది.

పోలీసులు వచ్చి మమ్మల్ని జైల్లో పెట్టారు. సోమవారం పొద్దున పిన్ని చూడటానికి వచ్చింది. ఊచల అవతల నిలబడి తిన్నావా అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నావల్ల నీ పని పోయింది. ఇప్పుడేం చేస్తావు పిన్నీ?"

"చూద్దాంలేవే" అంది. తరువాత దొంగతనం చెప్పుకుంటున్నట్టు ఊచలకు దగ్గరగా వచ్చింది. "ఇవాళ ఎనిమిదింటిదాకా పడుకున్నాను. సోమవారం ఎనిమిదింటికి మన వంటింట్లోకి ఎండ ఎంత బాగా వస్తుందో తెలుసా? ఇరవై రెండేళ్లలో నేను చూళ్లేదు."