మైనపు పిడులు

చేతిలో మైనం మెత్తబడే వేళకి కప్పులమ్మ కళ్ళు మూసుకునేది. అది నిద్ర కాదు గానీ, నిద్రకి పక్కిల్లే. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బల్ల మీదికి జారి ఇత్తడి రజనుని మెరిపిస్తుంటే, రేపో మాపో తను చేస్తున్న బహుమతి కప్పుని పైకెత్తబోయే చేతులు ఆమెకి కనిపించేవి. వాటికి తగ్గట్టు మైనంలో వేళ్ళ గుంటలు నొక్కేది. ఆ మైనానికి మూస కట్టి, కరిగిన ఇత్తడి పోస్తే కప్పుకి పిడి తయారు. ఆటల కప్పులు చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నా, మనం పట్టుకుంటే మన చేతిని తిరిగి పట్టుకునే కప్పులు ఆమెవేనని పేరు.

ఈ పనిలో ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం ఒకటుంది. కళ్ళు మూసుకుంటే చేతులే కనిపించాలి. ముఖం కనిపించిందా, మైనం మళ్ళీ గిన్నెలోకి పోవాల్సిందే. కప్పు చేసే మనిషికి ఫలానావాళ్ళే గెలవాలన్న కోరిక ఉండటం అన్యాయమని ఆమె పట్టుదల.

సరస్సు ఈత పోటీకి కప్పు కావాలని ఈతగాళ్ళ సంఘం అధ్యక్షుడు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆయనకి ఏటా పోయినసారికన్నా పెద్దది కావాలి. ఇలాగే పోతే ఇక ఈదేది కప్పులోనే అని ఆమె ఎప్పుడూ నవ్వుకునేది. ఈసారి మాత్రం నవ్వు రాలేదు. ఈసారి కూతురు కూడా ఈదుతోంది.

కూతురు తెల్లారకముందే లేచి మంచులో సరస్సుకి పోయేది. తడి జుట్టుతో తిరిగొచ్చి కార్ఖానా గుమ్మంలో నిలబడేది. అమ్మ ఒక్క మాట అంటుందేమోనని ఆశ. అమ్మ నోరు మెదిపేది కాదు. ఒకరోజు పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

"నేను గెలుస్తానని నీకు నమ్మకముందా అమ్మా?"

"కప్పు చేస్తున్నదాన్ని. నన్నడగాల్సిన మాట కాదది," అంది కప్పులమ్మ.

పిల్ల తల తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ తర్వాత గుమ్మంలో నిలబడటం మానేసింది. తల్లి ప్రాణం ఉసూరుమంది. పిలిచి చెబుదామని మాట నాలుక చివరిదాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది.

ఇక కళ్ళు మూసుకుంటే చాలు, కూతురి ముఖమే. మైనం కరిగించింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ కరిగించింది. మైనానికే విసుగొచ్చి ఉంటుంది. చివరికి మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, చినుకుల చప్పుడు వింటూ ఉండగా, ముఖం లేని కల వచ్చింది. ఎటు చూసినా బూడిదరంగు నీళ్ళు. ఒడ్డు లేదు, మనుషులు లేరు. ఆ నీళ్ళలోంచి రెండు చేతులు మెల్లగా పైకి లేచాయి, బొట్లు బొట్లుగా వెలుగు రాలుస్తూ. అవి ఎవరివో ఆమె అడగలేదు. ఒక్కో వేలికీ చోటు చేస్తూ మైనం నొక్కుకుంటూ పోయింది. కళ్ళు తెరిచేసరికి పిడులు రెండూ తయారు. హమ్మయ్య, నియమం తప్పలేదనుకుంది.

పోటీ నాడు సరస్సు మీద మంచు ఇంకా విడలేదు. ఈతగాళ్ళంతా అందులోకి మాయమై, చాలాసేపటికి ఒక్కొక్కరుగా ఇవతలి ఒడ్డున తేలారు. ముందొచ్చింది ఒక బస్సు కండక్టరు, నిండైన మనిషి ఆవిడ. కూతురు రెండోది. అయినా కప్పులమ్మ అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

కండక్టరు కప్పు అందుకుని పైకెత్తబోతే పట్టు చిక్కలేదు. గుంటల్లో వేళ్ళు ఇమడటం లేదు. ఎడమ పిడి చివరి గుంటైతే ఎటో వంకర పోయి ఉంది. కప్పు ఒరిగింది. అధ్యక్షుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్క మెట్టు మీదున్న కూతురు చటుక్కున వచ్చి పిడులు రెండూ పట్టుకుంది.

పట్టుకుని అలాగే ఉండిపోయింది. వేళ్ళన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరగా అతుక్కున్న ఎడమ చిటికెన వేలు కూడా, సరిగ్గా ఆ వంకర గుంటలో. పిల్ల తలెత్తి జనంలో అమ్మ కోసం వెతికింది.

కప్పులమ్మకి తల కొట్టేసినట్టయింది. తను రానివ్వనిది ముఖాన్నే. పిల్ల చేతుల దారిన వచ్చేసింది. సిగ్గు ఒకపక్క, ఎందుకో తెలియని సంతోషం ఒకపక్క. రెండూ కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతా అయ్యాక కండక్టరు దగ్గరికి వెళ్ళి, తప్పు తనదేనని, పిడులు మార్చి ఇస్తానని చెప్పుకుంది. తన చేతులకి ఏ దుకాణంలోనూ తొడుగులే దొరకవని, పాపం కప్పునేమనాలని ఆవిడ నవ్వేసింది.

మర్నాడు పిడుల మరలు విప్పుతుంటే కార్ఖానా గుమ్మంలో నీడ పడింది. తడి జుట్టుతో కూతురు. ఈ పాతవి ఏం చేస్తావని అడిగింది. కరిగించి కొత్తవాటికి పోస్తానంది తల్లి, తలెత్తకుండా.

"కరిగించకు. నాకివ్వు."

"కప్పు లేకుండా ఉత్త పిడులేం చేసుకుంటావే?"

"ఊరికే పట్టుకుంటాను."

కప్పులమ్మ ఒక పిడి తుడిచి ఇచ్చింది. రెండోది ఇచ్చేముందు కాసేపు తనే పట్టుకుని ఉంది.

"గెలుస్తావనే అనుకున్నానే," అంది. "మైనం నొక్కిన ప్రతిసారీ."